ఇంజను నుదుటి రాత

మన టౌన్‌షిప్‌లో కాపురముంటున్న ప్రతి కుటుంబానికీ రెండు సంఖ్యలు కంఠస్థమై ఉంటాయి. ఒకటి గుమ్మం ప్రక్కన వ్రాసి ఉండే క్వార్టరు నంబరు. రెండవది ఉద్యోగి గేటు పాసు మీది పర్సనల్ నంబరు. మొదటి దానిలో ఒక్క అంకె తారుమారైతే పార్వతీపురం నుండి బయలుదేరిన శుభలేఖ ప్రక్క వీధికి చేరుతుంది. రెండవ దానిలో తారుమారైతే ఒకరు తీసుకున్న అప్పుకు మరొకరి జీతంలో కోత పడుతుంది. అప్పారావులు, సత్యనారాయణలు, సింహాచలాలు మనలో ఎందరో ఉన్నారు. ఇంటి పేరుతో సహా కలిసిపోయినవారు కూడా ఉన్నారు. సంఖ్య మాత్రం ఎవరిది వారిదే.

రుఆబాంధా నుండి మరోదా వైపు సాయంకాలపు నడకకు వెళ్ళేవారికి దల్లీ రాజహరా మార్గంలో తిరిగే ఖనిజపు రైళ్ళు పరిచితమే. రైలు కనబడగానే ఇంజను మీది నంబరును బిగ్గరగా చదవడం మా మనుమడికి అలవాటు. "తాతయ్యా, ఇంజనుకు ఒక మంచి పేరు పెట్టుకుంటే చాలదా? నంబరెందుకు?" అని ఒకనాడు అడిగాడు. ఆ పూట ఏదో చెప్పి ఊరుకున్నాను గాని, ఇంటికి వచ్చిన తరువాత మా మేనమామ జ్ఞాపకం వచ్చారు. ఆయన ఒక రైల్వే షెడ్డులో ఆవిరి ఇంజన్లకు నంబర్లు వ్రాసి జీవితం గడిపిన పెయింటరు. మనుమడి చిన్న ప్రశ్నకు మావయ్య అనుభవం నుండి, చదివి తెలుసుకున్న చరిత్ర నుండి కూర్చుకున్న పెద్ద సమాధానమే ఈ వ్యాసం.

కుంచె, కాగితం, లోహం

ఆవిరి రైలింజనుకు పుట్టినిల్లు బ్రిటన్. 1825లో స్టాక్టన్-డార్లింగ్టన్ రైలు మార్గం ప్రారంభమైననాడు రైలును లాగిన స్టీఫెన్‌సన్ ఇంజను 'లోకోమోషన్ నంబర్ 1' అన్న పేరుతో చరిత్రలో నిలిచింది. అంటే పేరూ సంఖ్యా రెండూ తొలినాటి నుండి జంటగానే ఉన్నాయి. ఇంజన్లు పదుల సంఖ్యలో ఉన్నంతకాలం పేర్లతో పని జరిగింది. వందలు, వేలు అయ్యేసరికి పేర్లు చాలలేదు. ఏ ఇంజను ఎన్ని మైళ్ళు తిరిగింది, బాయిలరును ఎప్పుడు కడిగారు, ఏ డ్రైవరు ఏ లోపం వ్రాశాడు అన్న వివరాలన్నీ పుస్తకంలో ఒక సంఖ్య క్రింద చేరసాగాయి. ఆ సంఖ్యను ఇంజను ఒంటి మీద కనబరచడానికి మూడు పద్ధతులు ఏర్పడ్డాయి.

మొదటిది కుంచె పని. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగించి లాగి వదిలితే సన్నని గీత పడుతుంది. పైన ఒక గీత, క్రింద ఒక గీత. ఆ రెండింటి నడుమ అంకె ఒదగాలి. అంకె ఆకారాన్ని మందపాటి కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో రంధ్రాలు పొడిచి, కాగితాన్ని రేకుకు ఆనించి సుద్దపొడి మూటతో తట్టేవారు. కాగితం తీయగానే రేకు మీద చుక్కల ఆకారం మిగిలేది. సంక్రాంతి నెలలో రంధ్రాల గొట్టాన్ని వాకిట దొర్లించి ముగ్గు వేసే మన ఆడపడుచులకు ఈ ఉపాయం క్రొత్తది కాదు. తరువాత ఆ చుక్కలను కలుపుతూ పొడవాటి వెంట్రుకల కుంచెతో అంచులు తీర్చి, లోపల రంగు నింపి, ఒక ప్రక్కగా నీడ వేసేవారు. నీడ కేవలం అలంకారం కాదు. దూరం నుండి చూచేవారికి అంకె రేకు నుండి విడివడి కనబడడానికి అది తోడ్పడుతుంది.

రెండవది ట్రాన్స్‌ఫర్. జిగురు పూసిన కాగితం మీద బంగారు రంగు, నీడ, అంచు గీతలతో సహా అంకెను ముందుగానే అచ్చు వేసి ఉంచుతారు. కాగితం మీద ఆ అంకె అద్దంలోని బొమ్మవలె తిరగబడి ఉంటుంది. దాని ముఖానికి వార్నిష్ పూసి, అది కొంచెం ఆరి జిగటగా ఉన్న సమయంలో ఇంజను రేకుకు గట్టిగా అదిమి, వెనుక నుండి కాగితాన్ని నీటితో తడుపుతారు. జిగురు కరిగి కాగితం జారిపోతుంది. అంకె మాత్రం సరైన దిక్కున రేకు మీద నిలుస్తుంది. దాని మీద మరల వార్నిష్ పూత వేస్తారు. ఇంట్లో పాతకాలపు కుట్టు మిషను ఉన్నవారు దాని నల్లని ఒంటి మీది బంగారు తీగెలను ఒకసారి పరికించండి. అవి చాలవరకు ఇట్లా అంటించినవే.

ట్రాన్స్‌ఫర్ వలన లాభం వేగం మాత్రమే కాదు. పది షెడ్లలో పదిమంది పెయింటర్లు వ్రాసిన 5 అంకె పది విధాలుగా ఉంటుంది. అచ్చు వేసిన 5 అన్ని చోట్లా ఒకటే. చదివేవాడు ఏ ఊరివాడైనా తికమకపడడు.

మూడవది పోత పోసిన పలక. బ్రిటన్‌లోని గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన ఇంజన్ల క్యాబ్ ప్రక్కల ఇత్తడి అంకెల పలకలను బిగించేది. మసి పట్టినా నూనె గుడ్డతో తుడిస్తే మరల మెరిసేవి. ఇంజను ముందు భాగంలోని స్మోక్‌బాక్స్ తలుపు మీద గుండ్రని వేడి ఇనుము తప్ప మరేమీ ఉండదు. అక్కడ మామూలు రంగు ఎక్కువకాలం నిలువదు. అందువలన మిడ్‌లాండ్ రైల్వే ఆ తలుపు మీద పోత ఇనుప నంబరు పలకను బిగించే అలవాటు చేసింది. ఎదురుగా వచ్చే ఇంజనును దాని నుదుటిని చూచి గుర్తించడం దానితో సాధ్యమైంది.

కుంచెతో వ్రాసినది ఒక పూటలో చెరిపి మరొకటి వ్రాయవచ్చు. లోహంలో పోసినదాన్ని మార్చాలంటే మరల మూస కట్టాలి, లోహం కరిగించాలి. మన వృత్తిలో ఉన్నవారికి ఈ భేదాన్ని విడమరచి చెప్పనవసరం లేదు. నంబర్ల చరిత్ర అంతా ఈ భేదం చుట్టూనే తిరిగింది.

టెండరు చెప్పిన అబద్ధం

నంబరును దేనితో వ్రాయాలన్నది ఒక సమస్య అయితే, ఎక్కడ వ్రాయాలన్నది అంతకంటె పెద్ద సమస్య. పైన చెప్పిన మిడ్‌లాండ్ రైల్వేయే 20వ శతాబ్దపు తొలి దశకంలో టెండర్ల ప్రక్కల 18 అంగుళాల ఎత్తు అంకెలను పెట్టడం మొదలుపెట్టింది. టెండరు అంటే ఇంజను వెనుక బొగ్గును, నీటిని మోసుకొచ్చే బండి. ఎఱ్ఱని టెండరు మీద అంత పెద్ద అంకెలు చూడముచ్చటగా ఉండేవి. సిగ్నల్ క్యాబిన్‌లోని మనిషికి దూరం నుండే తెలిసేవి.

అయితే టెండరు ఇంజనులో భాగం కాదు. విడదీయగల వేరే బండి. ఇంజను మరమ్మతుకు వెళ్ళినప్పుడు టెండరు సిద్ధంగా ఉంటే దానిని మరొక ఇంజనుకు తగిలించి పంపడం సర్వసాధారణం. అప్పుడు ముందున్నది ఒక ఇంజను, వెనుక ప్రకటించుకున్న నంబరు మరొక ఇంజనుది. స్మోక్‌బాక్స్ పలక నిజం చెబుతుంటే టెండరు అబద్ధం చెప్పేది. మిడ్‌లాండ్‌ను, మరికొన్ని కంపెనీలను కలుపుకొని 1923లో ఏర్పడిన లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే కొంతకాలం అదే పద్ధతిని సాగించి, 1928లో నంబర్లను టెండరు నుండి క్యాబ్ ప్రక్కకు మార్చింది. గుర్తు అన్నది ఊడి మరొకచోటికి పోగల భాగం మీద ఉండరాదన్న పాఠం అట్లా స్థిరపడింది.

ఒక ఇంజను, ఆరు నంబర్లు

ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఇంజన్లలో 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఒకటి. డాన్‌కాస్టర్ కార్మాగారం నుండి 1923 ఫిబ్రవరిలో అది బయటకు వచ్చినప్పుడు దాని నంబరు 1472. మరుసటి సంవత్సరం వెంబ్లీ ప్రదర్శనలో నిలిచేనాటికి 4472 అయింది. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే 1946లో తన ఇంజన్లన్నింటికీ క్రొత్త క్రమంలో సంఖ్యలు వేయడంతో జనవరిలో 502గా, మే నెలలో 103గా మారింది. 1948లో బ్రిటిష్ రైల్వేలు జాతీయం కాగా కొద్దికాలం ఇ103 అని వ్రాశారు. ఆ సంవత్సరాంతానికి 60103 స్థిరపడింది. పాతికేళ్ళలో ఒకే ఇంజనుకు ఆరు గుర్తులు. ఇంజను మాత్రం అదే. 1963లో అది సర్వీసు నుండి విరమించి ఒక వ్యక్తి చేతిలోకి వెళ్ళినప్పుడు మరల 4472 అయింది. సుదీర్ఘమైన మరమ్మతు అనంతరం 2016లో పట్టాలెక్కినప్పుడు దాని మీద 60103 ఉంది.

జాతీయం చేసిన తరువాత బ్రిటిష్ రైల్వే ఒక తేలికైన ఉపాయం చేసింది. స్థూలంగా చెప్పాలంటే దక్షిణ ప్రాంతపు ఇంజన్ల పాత సంఖ్యకు 30000, లండన్ మిడ్‌లాండ్ ఇంజన్లకు 40000, నార్త్ ఈస్టర్న్ ఇంజన్లకు 60000 కలిపారు. పాత నంబరు తెలిసినవాడికి క్రొత్తది తెలుసుకోవడానికి శ్రమ లేదు. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లకు మాత్రం ఏమీ కలపలేదు. ఆ ఇత్తడి పలకలన్నింటినీ మార్చడం తలకు మించిన ఖర్చు కావడమే కారణమని చెబుతారు. రంగుతో వ్రాసుకున్నవారి నంబర్లు మారాయి. ఇత్తడిలో పోసుకున్నవారి నంబర్లు నిలిచాయి.

సంఖ్యలోనే ఇంజను స్వరూపమంతా ఇమిడ్చే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. సదరన్ రైల్వే 1941లో నిర్మించిన 'చానెల్ ప్యాకెట్' ఇంజను నంబరు 21సి1. ముందు రెండు ఇరుసులు, వెనుక ఒక ఇరుసు, సి అంటే మూడు చోదక ఇరుసులు, ఆ రకంలో మొదటిది అని దాని భావం. చదువుకున్నవారికి ఇది బాగున్నది. అయితే నడిరాత్రి వానలో లాంతరు పట్టుకొని నంబరు వ్రాసుకునే యార్డు మనిషికి సూటిగా ఉండే నాలుగైదు అంకెలే మేలు. బ్రిటిష్ రైల్వే దానిని 35001గా మార్చింది.

మన దారిన తిరిగిన ఇంజన్లు

ఇక మన ప్రాంతానికి వద్దాము. భిలాయి మీదుగా పోయే ప్రధాన మార్గం 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వేది. రాయపూర్ నుండి విజయనగరం వరకు 1931 నాటికి పూర్తయిన మార్గం కూడా ఆ కంపెనీదే. 1955లో సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగార నిర్మాణానికి ఒప్పందం కుదిరిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం ప్రాంతాల నుండి మన పెద్దలు పెట్టె బేడా పట్టుకొని వచ్చింది ఆ దారినే.

ఆ ఇంజన్లు ఇల్లు కదలకుండానే ఇంటి పేరు మార్చుకున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వేను 1944లో ప్రభుత్వం స్వీకరించింది. 1952లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ రైల్వేగా విడివడింది. అదే షెడ్డు, అదే డ్రైవరు, అదే దారి. టెండరు మీది అక్షరాలు మాత్రం మారవలసి వచ్చింది. మన ప్రాంతం 2003 నుండి బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేలో భాగం.

అక్షరాల కంటె అంకెల చిక్కు పెద్దది. ప్రతి కంపెనీ తన ఇంజన్లకు తానే సంఖ్యలు వేసుకోవడంతో ఒకే నంబరు గల ఇంజన్లు దేశంలో ఎన్నో ఉండేవి. యజమాని పేరు చెప్పకపోతే సంఖ్యకు అర్థం లేదు. 1855 నాటి మన 'ఫెయిరీ క్వీన్' ఈస్ట్ ఇండియన్ రైల్వేలో 22వ నంబరుది. 1938లో గంటకు 126 మైళ్ళ వేగాన్ని సాధించిన ఇంగ్లండులోని 'మల్లార్డ్' కూడా 1946లో 22వ నంబరుదే అయింది. వేర్వేరు దేశాలలో ఉన్నంతవరకు చిక్కు లేదు. ఒకే రైల్వేలో ఇద్దరు 22లు ఉంటే పుస్తకం తప్పుతుంది.

దేశంలోని రైల్వేలన్నీ ఒకే గొడుగు క్రిందికి వచ్చిన తరువాత 1957లో అఖిల భారత స్థాయిలో క్రొత్త నంబర్ల క్రమం అమలుకు వచ్చింది. ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ఎన్ తరగతి గారట్ ఇంజను ఉంది. మాంచెస్టర్‌లోని బెయర్ పీకాక్ సంస్థ నిర్మించిన ఆ మహాకాయానికి పదహారు చోదక చక్రాలు. దాని పాత నంబరు 815. క్రొత్త క్రమంలో 38815. పాత సంఖ్య క్రొత్తదాని తోకలో చెక్కుచెదరకుండా ఉంది. పాత పుస్తకాలను పారవేయనక్కరలేకుండా చేసిన మంచి ఏర్పాటు ఇది.

స్వతంత్ర భారతం స్వయంగా నిర్మించిన ఇంజన్లకు ఈ గజిబిజి లేదు. చిత్తరంజన్‌లో తయారైన మొదటి ఇంజను 'దేశబంధు' డబ్ల్యు.జి. 8401. దానిని 1950 నవంబరు 1న జాతికి అంకితం చేసిన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారే 1959 ఫిబ్రవరి 4న మన మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. చిత్తరంజన్ నుండి వచ్చిన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను 1970 నాటి డబ్ల్యు.జి. 10560. దానికి 'అంతిమ సితారా' అని పేరు పెట్టారు. మన రైల్వేలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి యుగం 1995 డిసెంబరులో ముగిసింది.

ఆ రోజు షెడ్డులో

మా మావయ్య 1957లో పద్ధెనిమిదేళ్ళ ఖలాసీగా ఒక లోకో షెడ్డులో చేరారు. పెయింటరు మేస్త్రీకి సహాయకుడు. క్రొత్త నంబర్లు వ్రాసే పని ముమ్మరంగా సాగుతున్న కాలమది. లోహపు పలకలు తయారై వచ్చేలోగా తెల్లరంగుతో వ్రాసి ఇంజన్లను నడిపించమని వారికి చెప్పారట. ఆ షెడ్డు పేరు ఇక్కడ అనవసరం. ఆయన నాకు పలుమార్లు చెప్పిన సంఘటన మాత్రం అవసరం.

ఒకే తరగతికి చెందిన రెండు ఇంజన్లు ప్రక్క ప్రక్క లైన్ల మీద నిలబడి ఉన్నాయి. మేస్త్రీ వద్ద ఒక కాగితం ఉంది. మొదటి లైను ఇంజనుకు ఈ నంబరు, రెండవ లైను ఇంజనుకు ఆ నంబరు అని అందులో వ్రాసి ఉంది. మధ్యాహ్నానికి ముందే రెండింటి మీదా పాత నంబర్లను శుభ్రంగా చెరిపివేశారు. భోజనానికి వెళ్ళారు. వారు భోజనం చేస్తున్న వేళ యార్డువారు ఏదో అవసరం కొద్దీ ఇంజన్లను ముందుకూ వెనుకకూ జరిపారు. మరల నిలిపేటప్పుడు లైన్లు మారాయి. భోజనం నుండి వచ్చిన మేస్త్రీ కాగితం చూచి చక్కని అంకెలు వ్రాశాడు. ఆయన చేతివ్రాతలో లోపమేమీ లేదు.

మరునాడు తెల్లవారుజామున ఒక ఇంజనును గూడ్సు బండికి సిద్ధం చేయాలి. పుస్తకంలో ఆ నంబరు క్రింద మూడు రోజుల క్రితం బాయిలరు కడిగినట్లు, లెడ్ ప్లగ్గులు క్రొత్తవి వేసినట్లు ఉంది. లెడ్ ప్లగ్గు సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. పొయ్యి గది కప్పు మీద ఎల్లప్పుడూ నీరు నిలిచి ఉండాలి. నీరు తగ్గితే కప్పు కాలి మెత్తబడి బాయిలరు పేలే ప్రమాదముంది. అట్లా కాకుండా కప్పులో సీసం నింపిన బిరడాలు బిగిస్తారు. నీరు తగ్గినప్పుడు సీసం ముందుగా కరిగి, ఆవిరి పొయ్యిలోకి చిమ్మి సిబ్బందిని హెచ్చరిస్తుంది. నీటిలోని సున్నం ఆ బిరడా మీద పేరుకుంటే అది సమయానికి పని చేయకపోవచ్చు. కనుకనే గడువు ప్రకారం మార్చడం, మార్చినట్లు నంబరు క్రింద వ్రాయడం నియమం.

మావయ్య చక్రాల దగ్గర నూనె గుడ్డతో తుడుస్తున్నారు. రాడ్డు మీది జిడ్డు తొలగగానే ఉలితో కొట్టిన పాత నంబరు కనిపించింది. ఈ ఇంజనుకు ఉండవలసిన పాత నంబరు అది కాదు. మేస్త్రీతో చెబితే, "రాడ్లు ఒకదానివి మరొకదానికి వేస్తూనే ఉంటారు. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మావయ్య అవతలి ప్రక్కకు వెళ్ళి రెండవ రాడ్డు తుడిచారు. అక్కడా అదే నంబరు. తరువాత తయారీదారు పలకను తుడిచారు. ప్రతి ఇంజనుకూ దానిని నిర్మించిన కంపెనీ వేసే పలక ఒకటి ఉంటుంది. అందులో కార్ఖానా వరుస సంఖ్య, తయారైన సంవత్సరం ఉంటాయి. రైల్వేలు మారినా, నంబర్లు మారినా అది మారదు. ఆ సంఖ్యను చేతి మీద బొగ్గుతో వ్రాసుకొని ఫోర్‌మన్ గది తలుపు తట్టారు.

ఫోర్‌మన్ ముందు కసురుకున్నాడట. తరువాత పాత రిజిస్టరు తీసి చూచి, లాంతరు పట్టుకొని తానే వచ్చి పలక చదివాడు. రెండు నంబర్లూ తారుమారైనట్లు తేలింది. బండి రెండు గంటలు ఆలస్యంగా మరొక ఇంజనుతో బయలుదేరింది. ఆగిన ఇంజను నిజానికి గడువు దాటడానికి సిద్ధంగా ఉన్నది. చల్లార్చి బిరడాలు విప్పినప్పుడు వాటి మీద సున్నం అర్ధణా బిళ్ళ మందాన పేరుకొని ఉందని మావయ్య చెప్పేవారు. ఆ ఇంజను ఆ రోజు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఏమీ కాకపోవచ్చు. కాని ఆ డ్రైవరూ ఫైర్‌మన్‌లూ లేని రక్షణను ఉన్నదనుకొని బయలుదేరేవారు.

ఆనాటి నుండి మావయ్య ఒక నియమం పెట్టుకున్నారు. పాత నంబరు ఉండగానే దాని క్రింద క్రొత్తదాన్ని సుద్దతో వ్రాయాలి. ఒక మనిషి రెండింటినీ పైకి చదవాలి. మరొక మనిషి పుస్తకంలో చూడాలి. ఇద్దరూ సరేనన్న తరువాతనే పాతది చెరపాలి. నలభై ఏళ్ళ ఉద్యోగంలో ఈ నియమం తప్పలేదని ఆయన గర్వంగా చెప్పుకునేవారు.

మూడుకూ ఎనిమిదికీ మధ్య

మంచి పెయింటరును ఆయన వ్రాసే మూడును చూచి తెలుసుకోవచ్చునని మావయ్య అనేవారు. గుండ్రని మూడుకు ఎడమ ప్రక్క కొంత మసి పట్టితే ఎనిమిది అవుతుంది. ఎనిమిదికి రంగు పెచ్చు ఊడితే మూడు అవుతుంది. కనుక ఆయన మూడు తలను గుండ్రంగా కాక బల్లపరుపుగా గీసేవారు. ఏడు మెడను బాగా వంచేవారు. ఒకటికి పీఠం వేసేవారు. అందం తరువాతి మాట, ముందు పొరబడకుండా చదవగలగాలి అన్నది ఆయన సిద్ధాంతం.

అదే ప్రయోజనాన్ని ఈనాడు గణితం సాధిస్తున్నది. మన యార్డుకు వచ్చే రైల్వే వ్యాగన్ల మీద పదకొండు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వ్యాగను రకాన్ని, తరువాతి రెండు స్వంతదారు రైల్వేను, ఆ తరువాతి రెండు తయారైన సంవత్సరాన్ని తెలుపుతాయి. పిమ్మట నాలుగు అంకెల వరుస సంఖ్య. పదకొండవది కాపలా అంకె. మొదటి పది అంకెలలో సరి స్థానాలలో ఉన్నవాటిని కూడి మూడుతో హెచ్చించాలి. దానికి బేసి స్థానాలలోని అంకెల మొత్తాన్ని కలపాలి. వచ్చినదానిని తరువాతి పదికి పూరించడానికి ఎంత కావాలో అదే కాపలా అంకె.

ఉదాహరణకు 31 07 14 5298 అన్న సంఖ్యను ఊహించుకుందాము. సరి స్థానాల మొత్తం 1, 7, 4, 2, 8 కలిపి 22. మూడుతో హెచ్చిస్తే 66. బేసి స్థానాల మొత్తం 3, 0, 1, 5, 9 కలిపి 18. రెండూ కలిపితే 84. తొంభైకి ఆరు కావాలి. కనుక చివరి అంకె 6. ఎవరైనా చివరి 8ని 3గా చదివితే లెక్క 69 వస్తుంది. అప్పుడు కాపలా అంకె 1 కావాలి, వ్యాగను మీద 6 ఉంది. తప్పు అక్కడికక్కడే పట్టుబడుతుంది. పాఠశాలకు వెళ్ళే పిల్లలు ఈ లెక్కను సెలవు రోజున చేసి చూడవచ్చు.

పట్టా మీది ముద్ర

ఈ కథంతా మన కర్మాగారానికి దూరమైనది కాదు. మనం తయారుచేసే రైలు పట్టా నడుము మీద ఒక ప్రక్క తయారీదారు గుర్తు, పట్టా రకం, ఉక్కు తరగతి, నెల, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలుగా రోలింగులోనే వస్తాయి. మరొక ప్రక్క, పట్టా వేడిగా ఉండగానే, హీట్ నంబరును ముద్రిస్తారు. పై చివరల రంగు గుర్తులు వేరు. రంగు రవాణా వరకు ఉపయోగపడుతుంది. ముద్ర పట్టా ఉన్నంతకాలం ఉంటుంది. ఎన్నో ఏళ్ళ తరువాత ఎక్కడో ఒక పట్టా విరిగితే, విచారణకు వచ్చినవారు ముందుగా తుడిచి చూచేది ఆ ముద్రనే. దాని ద్వారా ఆ ఉక్కు ఏ హీట్‌లో కరిగింది, దాని రసాయన విశ్లేషణ ఏమిటి, అదే హీట్ నుండి వచ్చిన మిగిలిన పట్టాలు ఎక్కడ పరచి ఉన్నాయి అన్నది తెలుస్తుంది. హీట్ నంబరు తారుమారైతే దోషం లేని పట్టాలను పెరికి, దోషమున్నవాటిని దారిలో వదిలిపెట్టవలసి వస్తుంది. వాటి మీద మన పిల్లలు ప్రయాణం చేస్తుంటారు.

1997లో పదవీ విరమణ చేసిన మావయ్య మరుసటి చలికాలంలో మా ఇంటికి రుఆబాంధాకు వచ్చారు. అప్పటికి ఆయన కళ్ళలో శుక్లాలు ముదిరాయి. ఒక సాయంత్రం మరోదా వైపు నడిచి వెళ్ళాము. లైను ప్రక్కన కొన్ని పట్టాలు పేర్చి ఉన్నాయి. ఆయన వంగి, భుజం మీది తువ్వాలుతో ఒక పట్టా నడుమును తుడిచి, వ్రేళ్ళతో తడమసాగారు. చూపుతో కాదు, స్పర్శతో ఒక్కొక్క అక్షరాన్నీ, ఒక్కొక్క అంకెనూ చదివారు. నెల చెప్పారు, సంవత్సరం చెప్పారు. నేను వంగి చూచాను. రెండూ సరిపోయాయి.

"అల్లుడూ, దీనికి పెయింటరు అక్కర్లేదురా" అన్నారు లేచి నిలబడుతూ. కొంచెం ఆగి, "చదివేవాడు మాత్రం కావాలి" అన్నారు.

ఆ తరువాత సర్వీసులో ఉన్నన్ని రోజులూ పట్టా మీది నంబరును మనసులో చదువుకొని ఊరుకోలేదు. పైకి చదివాను. ప్రక్కనున్నవారిని పుస్తకంలో చూడమన్నాను. క్రొత్తగా చేరిన కుర్రవాళ్ళు మొదట నవ్వేవారు. నెల తిరిగేసరికి వారూ పైకి చదవడం మొదలుపెట్టేవారు.